పరగడుపు ముక్కు

బుధవారం పొద్దున్న అయిదున్నరకి ఫోను మోగింది. తెర మీద ‘ఉస్తాద్’ అని పేరు. అప్పటికే స్నానం చేసి, దీపం పెట్టి, చెప్పులు వేసుకుంటున్నాను. “బయల్దేరుతున్నానండీ. చాయ్ కూడా తాగలేదు” అన్నాను ఎత్తుతూనే.

అవతల ఆయన కాదు, ఆయన భార్య.

“అమ్మా, నేను. జెర ఆగమ్మా. ఆయన లేడు.”

ఎక్కడికి వెళ్ళారని అడిగాను. ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె కోప్పడలేదు. నిద్రలోనే పోయిండమ్మా, లేపబోతే చెయ్యి చల్లగ తగిలింది అని నెమ్మదిగా చెప్పి, వెనక ఎవరో పిలుస్తుంటే ఫోను పెట్టేసింది.

చెప్పులు విప్పి మళ్ళీ దేవుడి ముందు కూర్చున్నాను. నలభై ఏళ్ళుగా నోటికి వచ్చిన సహస్రనామం ఆ పొద్దున్న మొదటి శ్లోకం దాటలేదు. చెల్లెలు లేచి వచ్చి, “ఇంకా వెళ్ళలేదేంటక్కా? ఉస్తాద్ తిడతారు” అంది. చెప్పాను. అది వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది.

మా కారు ఆయన షెడ్డులోనే ఉంది. ముందు రోజు సాయంత్రమే ఇచ్చి వచ్చాం. అద్దాలన్నీ ఎక్కించి ఉంది.

ఆయన మా చుట్టం కాదు. తిరుమలగిరి వైపు ఒక సందులో, పిండి గిర్నీ పక్కన, రేకుల షెడ్డు కింద కార్లు బాగుచేసే మెకానిక్. పనివాళ్ళు ఉస్తాద్ అనేవారు. మేమూ అదే అలవాటు చేసుకున్నాం. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా చెల్లెలు నన్ను అక్కా అనడం విని, మొదటి రోజు నుంచీ ఆయనా అక్కా అనే పిలిచారు. తెల్లమీసాల మనిషి నోట ఆ పిలుపుకి మొదట్లో ఇబ్బంది పడ్డాను. తరవాత ఆయన ఎప్పుడైనా మేడమ్ అంటే నొచ్చుకునేదాన్ని.

పెట్రోల్ వాసన పట్టడంలో కంటోన్మెంట్ అంతటా ఆయనకి పేరు. మిగతా పనులు అందరిలాగే చేసేవారు. కానీ ‘బండిలో పెట్రోల్ వాసన వస్తోంది, ఎక్కడినుంచో తెలియడం లేదు’ అంటే ఇతర మెకానిక్‌లు కూడా ఆయన దగ్గరికే పంపేవారు. మేమూ అలాగే వెళ్ళాం, పదకొండేళ్ళ కిందట.

చెల్లెలు స్కూల్లో పాఠాలు చెబుతుంది. నేను రైల్వే ఆఫీసులో పనిచేస్తాను. మౌలాలిలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. చెల్లెలు ఇష్టపడి కొనుక్కున్న పాత కారది. కొన్న మూడో నెల నుంచి పొద్దున్నే డోరు తీస్తే గుప్పున పెట్రోల్ వాసన. ముగ్గురు మెకానిక్‌లకి చూపించాం. ఒకరు ట్యాంకు మూత మార్చారు. ఒకరు బంకులో ఒలికి ఉంటుందన్నారు. మూడో ఆయన, “వాసనేం లేదే!” అన్నారు. నిజమే, ఆయన దగ్గరికి బండి చేరేసరికి వాసన ఉండేది కాదు.

ఇక నా వైద్యం నేను మొదలుపెట్టాను. చిన్న గుడ్డలో కర్పూరం మూట కట్టి అద్దం దగ్గర వేలాడదీశాను. శుక్రవారం శుక్రవారం బండిలో అగర్‌బత్తి వెలిగించి, అరటిపండు ముక్కకి గుచ్చి, ముందు పెట్టేదాన్ని.

మొదటి రోజు షెడ్డులో ఉస్తాద్ డోరు తీసి తల లోపల పెట్టారు. వెంటనే బయటికి లాగేశారు.

“ఏందిది? బండా, గుడా?”

అద్దం దగ్గర వేలాడే మూట పట్టుకున్నారు.

“ఈ మూటేంది?”

“కర్పూరమండీ. వాసన పోతుందని.”

“పోలేదు గదక్కా. మీ కర్పూరం ఎన్క దాక్కున్నది.” అంతలో సీటు మీద అగర్‌బత్తి నుసి చూశారు. “అగ్గిపుల్ల సుత బండ్లనే గీస్తరా?”

“శుక్రవారం మాత్రమే” అన్నాను.

“అంటే శుక్కురారం నాడు పెట్రోల్‌కి సెలవా?”

చెల్లెలు నవ్వు ఆపుకోలేక రోడ్డు వైపు తిరిగింది. ఆయన మాత్రం నవ్వలేదు. మూట విప్పి, తీసుకెళ్ళి గిర్నీ అరుగు మీద పెట్టి వచ్చి, గొంతు తగ్గించి ఒక మాట అన్నారు.

“దేవుడు మిమ్మల్ని కాపాడాల్నని రోజూ మొక్కుతున్నరు. ఆయన కాపాడనీకెనే గీ వాసన పంపిండు. దాన్ని మీరు కప్పిపెడ్తిరి. ఇగ ఆయనేం చెయ్యాలె?”

నాకు ఎన్నో ప్రవచనాలు విన్న అనుభవం ఉంది. ఇంత సూటిగా తగిలినవి తక్కువ.

ఆ తరవాత డాక్టరు అడిగినట్టు అడిగారు. వాసన పొద్దున్నా, సాయంత్రమా? ముందు కూర్చున్నవాళ్ళకా, వెనక కూర్చున్నవాళ్ళకా? ట్యాంకు నిండా ఉన్నప్పుడా, సగం ఉన్నప్పుడా? ఏసీ పెడితే పెరుగుతుందా? పొద్దున్న, ముందు సీట్లో, గాలి పెడితే ఎక్కువ అని చెల్లెలు చెప్పింది. ఆయన తల ఊపి, “బండి ఈడనే ఇడిచిపెట్టి పోండ్రి. నడిపి తెస్తే ఏం దొరకది. వేడికి రబ్బరు ఉబ్బి పట్టుకుంటది. చల్లారినంక ఇడుస్తది. ముగ్గురు మెకానిక్‌లు వేడి బండినే చూసిండ్రు” అన్నారు.

అద్దాలన్నీ ఎక్కించి, తాళం వేశారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి రమ్మన్నారు. గిర్నీ ఏడింటికి మొదలవుతుంది, పిండి గాలిలోకి లేవకముందే చూడాలి. మల్లెపూలు పెట్టుకుని రావద్దు. పౌడరు వద్దు. చెల్లెలు, “ముహూర్తం కూడా మీరే పెట్టేశారు, ఇంకా ఏమైనా నియమాలా?” అంది.

“ఉన్నయమ్మా. నేను పరగడుపున వస్త. చాయ్ సుత తాగ. కడుపుల ఏమన్న పడ్డదంటే ముక్కు అబద్ధం చెప్తది.”

ఏకాదశికి నేనుండే ఉపవాసం దేవుడి కోసం. పని కోసం కూడా మనిషి అలా పస్తుండి వస్తాడని అప్పుడే చూశాను.

మర్నాడు మేం వెళ్ళేసరికి ఆయన షెడ్డు బయట నిలబడి ఉన్నారు. ముఖం, చేతులు వట్టి నీళ్ళతో కడుక్కున్నారు. వాసన సబ్బు కూడా వాడరట. మొదట వెనక డోరు తీసి, తల వంచి, ఒక్కసారి పీల్చి మూసేశారు. ఆ తరవాత ముందు డోరు. అక్కడా ఒక్కసారే. మరి ఇంకోసారి చూడరా అంటే, “ముక్కు ఒక్కపారే నిజం చెప్తది. రెండోపారి అడిగితే మనకు నచ్చింది చెప్తది” అన్నారు. బ్యాటరీ తీగ ఊడదీసి, బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఇంజను వెనక ఒక రబ్బరు గొట్టం దగ్గర ఆగారు. జేబులోంచి సుద్దముక్క తీసి దాని పక్కన ఇనుము మీద చిన్న గుండ్రం గీశారు. తెల్లగుడ్డ పీలిక ఆ గొట్టం మొదట్లో చుట్టి తీస్తే, రూపాయి బిళ్ళంత తడి.

గొట్టం మార్చాక పాతదాన్ని వంచి చూపించారు. వెంట్రుకల్లాంటి చీలికలు. దాన్ని నా చేతిలో పెట్టి, “ఇంటికి తీస్కపోండ్రి, యాదికుంటది” అన్నారు. బండి మాత్రం ఆరోజు ఇవ్వలేదు. మళ్ళీ అద్దాలెక్కించి, మళ్ళీ ఒక రాత్రి ఉంచారు. చెల్లెలు తొందరపడితే, “వాసన పోయిందని చెప్పేది నేను గాదమ్మా. రేపటి పొద్దు” అన్నారు.

ఆ గొట్టం ముక్క నా దేవుడి అలమరలో కింది అరలో ఇప్పటికీ ఉంది.

ఆయన ఇంట్లో పొద్దున్న పోపు పెట్టేవారు కాదు. ఈ సంగతి ఆయన భార్యే చెప్పింది. వారానికోసారి ఆమె షెడ్డు ఊడవడానికి వచ్చేది. “పెండ్లయిన సంది పొద్దుగాల పోపు ఎరుగనమ్మా. పప్పు రాత్రిదే. ఈయన ముక్కుతోని కాపురం చేస్తున్న” అనేది. ఆయన గొట్టాల కింద నుంచే, “నీ ఎల్లిగడ్డ పోపుకు కంటోన్మెంట్ సోల్జర్లు సుత లేస్తరు. నా ముక్కెంత?” అనేవారు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకీ జ్వరం వచ్చింది. ఆసుపత్రి దాకా వెళ్ళకుండానే తగ్గింది. రెండు నెలలకి షెడ్డు తెరిచారు. మనిషి చిక్కారు, నాలుగడుగులు నడిస్తే ఆయాసం. ఆయన బతికి బయటపడ్డారని అందరం సంతోషించాం. వాసన తెలియకుండా పోవడం అప్పుడు ఇంటింటా విన్న మాటే. కొందరికి నెలలో, కొందరికి ఆరు నెలల్లో తిరిగి వచ్చింది. ఆయనని అడగాలని ఎవరికీ తోచలేదు. ఆయన చెప్పలేదు.

ఆ మరుసటి ఏడు మా బండి తరచు ఆగిపోతుంటే ఇచ్చాం. వెనక సీటు కింద, ట్యాంకు మీద ఉండే పెట్రోల్ మోటారు పాడైందని మార్చారు. తెచ్చుకోవడానికి నేను వెళ్ళాను. ఆఫీసు నుంచి గుడికి వెళ్ళాల్సి ఉండి, సంచిలో రెండు మూరల మల్లెపూలున్నాయి. ఆ సంచి ఆయన పక్కన బల్ల మీదే పెట్టాను. మామూలుగా అయితే, “అక్కా, ఆ తోటను జెర అవతల పెట్టుండ్రి” అనాలి. ఏమీ అనలేదు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగుతూనే బండి వెనక డోరు తీసి చూసి, “మంచిగున్నదక్కా” అన్నారు. ఆరోజుకి ఆరోజే బండి ఇచ్చేశారు.

నాకు అర్థమైంది. అర్థమైనా అడగలేదు. అడిగితే ఆయన ముఖం ఎలా అవుతుందోనని భయపడ్డాను. మంచితనం అనుకున్నాను దాన్ని.

తరవాతి శనివారం యాదగిరిగుట్టకి వెళ్దామని చెల్లెలిని నేనే అడిగాను. దారిలో ఆగకుండా ఉండాలని అది ముందు రోజు ట్యాంకు నింపించింది. పొద్దున్న బండి ఎక్కగానే నాకు వాసన తగిలింది. సన్నగా, ఒక్క క్షణం.

“అక్కా, పెట్రోల్ వాసన రావట్లేదూ?” అంది చెల్లెలు.

“ఉస్తాద్ చూశారుగా” అన్నాను.

నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది ఇదొక్కటే. ఆయన చూడలేరని నాకు తెలుసు. తెలిసీ అన్నాను. తరవాత ముక్కుకి అలవాటైపోయి వాసనే లేదనిపించింది.

ఘట్‌కేసర్ దాటాక చెల్లెలికి తల తిరిగింది. పక్కన చాయ్ బండి కనిపిస్తే ఆపేసింది. డోరు తీసుకుని దిగి, రోడ్డు పక్కన కూలబడింది. నేను పక్క సీట్లోంచి దిగాను. ఒళ్ళో పూజ సంచి, సంచిలో కర్పూరం, అగ్గిపెట్టె. మా కారు కింద, వెనక కుడి చక్రం పక్కన, మట్టి మీద చెయ్యంత తడి మరక. పైనుంచి చుక్కలు పడుతున్నాయి. చాయ్ బండి దగ్గర ఉన్న పెద్దమనిషి ఒకరు పాపం సాయానికని వస్తున్నారు, నోట్లో వెలుగుతున్న బీడీతో. ఇంకో పది అడుగుల్లో కారు కిందకి వంగి చూస్తారు.

నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆయన బెదిరి అక్కడే ఆగి, బీడీ నేలకేసి తొక్కి, “ఏందమ్మా, పామా?” అన్నారు.

గుట్టకి వెళ్ళలేదు. ఇంకో బండికి తాడు కట్టించి కారుని ఇంటికి తెచ్చుకున్నాం. దారంతా చెల్లెలు ఒకటే మాట. “ఇంక ఆ మనిషి దగ్గరికి వద్దక్కా. పేరు ఉంటే సరిపోదు. మనిద్దరం కాలిపోయేవాళ్ళం.” తప్పు సగం నాదని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు ఆదివారం. ఒక్కదాన్నే ఆటోలో తిరుమలగిరి వెళ్ళాను. ఉస్తాద్ షెడ్డులో బల్ల మీద కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను. చివరి దాకా విని, చాలాసేపు చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నారు. చేతులకి ఏమీ అంటలేదు.

“చెల్లె మంచిగున్నదా?”

“బాగానే ఉంది.”

“మోటార్ మీద రబ్బరు రింగుంటదక్కా. కొత్తది దొరకలే. పాతది కంటికి మంచిగనే కనవడ్డది. అదే ఏసిన. సగం ట్యాంకుల కారది. నిండితేనే పైకొస్తది. మునుపయితే నిండా పోయించి, పొద్దుగాల చూస్తుంటి...” ఆగిపోయారు.

“మీకు వాసన తెలియడం లేదు కదూ?”

తల ఎత్తలేదు. “ఎన్ని దినాల సంది తెలుసు మీకు?”

“మల్లెపూల రోజు నుంచి.”

“మరి అడగకపోతిరి?”

“మీరు చెప్పకపోతిరి” అన్నాను. ఆయన యాసే నా నోట వచ్చింది. ఇంకో రోజైతే ఇద్దరం నవ్వేవాళ్ళం.

అప్పుడు చెప్పారు. పొద్దున్నే లేచి పెట్రోల్ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేవారట, రోజూ. ఏడాది. నీళ్ళలాగే ఉంటుందట. భార్యకి తెలియనివ్వలేదు. “దానికి తెలిస్తే పరేషాన్ అయితది. ఈ పని తప్ప నాకేం రాదక్కా. ఉస్తాద్ ముక్కు పోయిందని ఊరికి తెలిస్తే ఎవడొస్తడు? గందుకే కండ్లతోని, చేతులతోని నడిపిస్తున్న. నడుస్తదనుకున్న. మీ ఇద్దరి మీదికి తెచ్చిన.” గుడ్డ బల్ల మీద పడేసి, “రేపటి సంది షెడ్డు బంద్ చేస్త” అన్నారు.

నేను నిదానంగా ఆలోచించే మనిషిని. ఆ ఒక్కసారి ఆలోచించకుండానే మాట వచ్చింది.

“బంద్ చేయకండి. నేను పొద్దున్న ఎలాగూ పూజయ్యే దాకా మంచినీళ్ళు తప్ప తాగను. వాసన నేను చూస్తాను. పని మీరు చేయండి.”

ఆయన నా వైపు చూసి, “ఆఫీసరమ్మ బండ్ల చుట్టు మూతి పెట్టి తిరుగుతదా?” అన్నారు.

“గుమాస్తానండీ. ఆఫీసరమ్మని కాను.”

మొదటి బండి మాదే. రింగు ఆయన మారుస్తుంటే చెల్లెలు చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. ఆయన లేచి దాని దగ్గరికి వెళ్ళి, “తప్పు నాదమ్మా. ముక్కు పోయింది నాకు. చెప్పక చేసిన” అన్నారు. దాచమని అడగలేదు, సాకు చెప్పలేదు. చెల్లెలికి కోపం ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా కరుగుతుంది. ఇంటికి వెళ్ళేదారిలో, “నీకు ముందే తెలుసా అక్కా?” అని అడిగింది. తెలుసన్నాను. ఇంటి ముందు బండి ఆపి, “గుట్టకి మళ్ళీ ఎప్పుడెళ్దాం?” అంది.

అలా మూడేళ్ళు. నెలకి ఒకటో రెండో బండ్లు వచ్చేవి. ముందు రోజు సాయంత్రం ఫోను. “అక్కా, పేషెంట్ ఉన్నది. రేపు పొద్దుగాల జెర వస్తరా?” మొదటి ఆటో పట్టుకుని వెళ్ళేదాన్ని. నేర్పడంలో ఆయనకి ఓపిక ఎక్కువ. పచ్చి పెట్రోల్ వేరు, కాలిన పెట్రోల్ వేరు. రబ్బరుకి పట్టిన పాత వాసన వేరు, ఈ రాత్రి కారిన కొత్త వాసన వేరు. డోరు తీసి ఒక్కసారి పీల్చి చెప్పాలి. ఎక్కడ ఎక్కువ తగిలితే అక్కడ సుద్దతో గుండ్రం గీయాలి. గీశాక నేను రెండడుగులు పక్కకి జరగాలి, ఆయన అట్టముక్క పరుచుకుని కిందకి దూరడానికి. “మీరు చెప్పుడయింది. ఇగ బండిని నేను అడుగుడు” అనేవారు కింద నుంచి.

ఒకసారి రిటైరైన మిలిటరీ ఆయన ఒకరు, తన కారు డిక్కీలో తల పెట్టి, బొట్టుతో, దోపుకున్న చీర కొంగుతో ఉన్న నన్ను చూసి కంగారుపడ్డారు. “ఎవరీ అమ్మగారు?” అని అడిగారు.

“కొత్త మిషిన్ సార్” అన్నారు ఉస్తాద్. “జెర భక్తి ఎక్కువ. ఏకాదశి నాడు ఇంకా మంచిగ పనిచేస్తది.”

నా వంతు పొరపాట్లూ ఉన్నాయి. ఒకసారి తప్పు చోట గుండ్రం గీశాను, ఆయన గంటసేపు కింద వెతికారు. ఆయన విసుక్కోలేదు. “నిన్న కోపానికొచ్చిండ్రా ఎవరిమీదనన్న?” అని అడిగారు. వచ్చాను, ఆఫీసులో. “కోపం ఉన్న ముక్కు సుత పరగడుపు గాదు” అన్నారు. ఆరోజు నుంచి అక్కడికి వెళ్ళే ముందు రాత్రి ఎవరినీ ఒక మాట అనకుండా పడుకోవడం అలవాటు చేసుకున్నాను. వ్రతాలు చాలా చేశాను. ఇది నేర్పినవారు మాత్రం ఆయనే.

ఈ మధ్య ఆయాసం ఎక్కువైంది. కిందకి దూరి పైకి వచ్చేటప్పుడు చక్రం పట్టుకుని కాసేపు ఆగేవారు. డాక్టరుకి చూపించుకోమంటే, “బండి వాసన వస్తే డాక్టర్ నేను. నాకు వాసన వస్తే చూద్దాం” అని మాట మార్చేవారు. రెండోసారి నేను గట్టిగా అనలేదు. అప్పుడూ అంతే. అడగడం నాకు చేతకాని పని.

ఆ మంగళవారం మా బండి మళ్ళీ తీసుకెళ్ళాం. నిండా పోయించినప్పుడే, వెనక కుడి వైపు, సన్నటి వాసన. ఉస్తాద్ చెల్లెలితో, “మీ అక్క పట్టిందంటే ఉన్నట్టే. నేనెందుకింక?” అన్నారు. నాలుగు అద్దాలూ ఎక్కించి, ఒక్కొక్క డోరూ నొక్కి చూసి, తాళం వేసి, తాళంచెవి మేకుకి తగిలించారు. వెళ్తుంటే వెనక నుంచి పిలిచి, “పొద్దుగాల ఆరింటికక్కా. చాయ్ తాగి రాకుండ్రి” అన్నారు. మూడేళ్ళయ్యాక ఆ మాట నాకు చెప్పాల్సిన అవసరం లేదు. అయినా ప్రతిసారీ చెప్పేవారు.

పన్నెండు రోజులూ షెడ్డు మూసే ఉంది. కారు అందులోనే. చెల్లెలు అడగలేదు. పదమూడో రోజు ఆయన భార్య ఫోను చేసి, మీ బండి తీస్కపోండమ్మా అంది.

మర్నాడు పొద్దున్న ఆరింటికే వెళ్ళాం. ఎందుకంత పొద్దున అని ఆమె అడగలేదు. మేకు మీది తాళంచెవి తీసి ఇచ్చింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. షెడ్డు తలుపు పట్టుకుని నిలబడి, నన్ను కాక కారుని చూస్తూ మాట్లాడింది.

“ముక్కు పోయిందని నాకు చెప్పలే ఆయన. నాకు తెలువదనుకున్నడు.”

“మీకు తెలుసా?”

“జ్వరం తగ్గినంక ఒకనాడు పొద్దుగాల కావాల్నని పోపు పెట్టిన. ఎల్లిగడ్డ, ఎండు మిరపకాయ, అన్నీ ఏసి. ఇల్లంత ఘాటు. నాకే దగ్గొచ్చింది. ఆయన అంగీ తొడుక్కుని, పోయొస్తనే అని పోయిండు. మళ్ళ పెట్టలే. పెడితే నాకు తెలిసిందని ఆయనకు తెలుస్తది గద. నాలుగేండ్లు రాత్రి పప్పే తిన్నం.”

నిన్నా మొన్నా పోపు పెట్టారా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆమే చెప్పింది. “చెయ్యి వస్తలేదమ్మా.”

బల్ల సొరుగులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది. ఒక వైపు అరిగి, వాలుగా ఉంది. ఆయన వేళ్ళ నూనె మరకలు దాని మీద.

గిర్నీ ఇంకా మొదలవలేదు. సందు నిశ్శబ్దంగా ఉంది. చెల్లెలిని, ఆమెని దూరంగా ఉండమని, వెనక డోరు తీశాను. పద్నాలుగు రాత్రుల గాలి. తల వంచి ఒక్కసారే పీల్చాను. ఉంది. కుడి వైపు, పెట్రోల్ పోసే గొట్టం కిందకి దిగే చోట. డోర్లన్నీ బార్లా తీసి, గాలి ఆడనిచ్చి, బ్యాటరీ తీగ ఊడదీసి, టార్చి వేసి వంగి చూశాను. చక్రం పైన, మట్టి పట్టిన ఇనుము మీద, చీర కొంగుతో తుడిచి గుండ్రం గీశాను. సుద్ద అక్కడికక్కడే కాస్త విరిగింది.

ఆయన అట్టముక్క గోడకి ఆనించి ఉంది. తీసి, చక్రం పక్కన నేల మీద పరిచాను. రెండడుగులు పక్కకి జరిగి నిలబడ్డాను.